ఫంగస్ మందు పనిచేస్తోందా లేదా?

ఫంగల్ ఇన్ఫెక్షన్ అని చెప్పిన రోజు కంటే, మందు మొదలుపెట్టిన వారం తర్వాత తీసిన సీటీ స్కాన్ రిపోర్టు చేతికొచ్చిన రోజే ఇంట్లోవాళ్లు ఎక్కువ కుంగిపోతారు. ల్యూకేమియాకి (రక్త క్యాన్సర్) కీమో నడుస్తుంటుంది, కౌంట్లు, అంటే తెల్ల రక్తకణాలు, పడిపోయుంటాయి, యాంటీబయాటిక్స్ ఎన్ని మార్చినా జ్వరం దిగదు, స్కాన్ తీస్తే ఊపిరితిత్తిలో గడ్డలాంటిది కనపడుతుంది, ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ అంటారు, వోరికోనజోల్ అనే ఫంగస్ మందు మొదలుపెడతారు. అక్కడిదాకా ఎలాగో గుండె రాయి చేసుకుని వస్తారు. తర్వాతి రిపోర్టులో మాత్రం "సైజు పెరిగింది" అని ఒక్క లైను ఉంటుంది. దాంతో మొత్తం అయిపోయిందనుకుంటారు.

నేను ఇక్కడ హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో డాక్టర్ని. మా పని ఎక్కువగా ప్లేట్లతో, స్లైడులతో, పేషెంట్లతో తక్కువ. కానీ ఫంగస్ కేసుల్లో కాగితం మీద నంబరు వేసి పంపేస్తే సరిపోదు, వార్డుకి వెళ్లి ఆ నంబరుకి అర్థం చెప్పాలి, అప్పుడు కారిడార్‌లో అటెండెంట్లు ఆపుతారు. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒకబ్బాయి, వాళ్ల నాన్నకి కీమో జరుగుతోంది, ఫోన్‌లో రిపోర్టు ఫోటో తీసి పెట్టుకుని నా ముందుకొచ్చి "మేడమ్, గడ్డ ఇంకా పెద్దగైందంట గదా, అంటే మందు పని చేస్తలేదన్నట్టేనా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పలేం. ఎందుకు చెప్పలేమో ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ స్కాన్ సంగతి. 2001లో ఫ్రాన్స్‌లోని డాక్టర్లు కౌంట్లు పడిపోయిన రక్త క్యాన్సర్ పేషెంట్లలో ఆస్పర్‌జిల్లస్ వచ్చినప్పుడు వరసగా సీటీలు తీసి చూశారు. సరైన మందు పడుతున్నా మొదటి వారంలో మచ్చ పరిమాణం దాదాపు నాలుగు రెట్లయింది, రెండో వారంలో పెరగకుండా నిలబడింది, తగ్గడం ఆ తర్వాతే మొదలైంది. స్కాన్‌లో మనకి కనపడే మచ్చంతా ఫంగస్ కాదు. అందులో చచ్చిన కణజాలం ఉంటుంది, చుట్టూ కారిన రక్తం ఉంటుంది, కౌంట్లు పెరగడం మొదలయ్యాక పోట్లాటకి వచ్చిన తెల్ల రక్తకణాల వాపు కూడా ఉంటుంది. విచిత్రం ఏంటంటే, ఒంట్లో బలం తిరిగొస్తున్నప్పుడే స్కాన్ మరీ భయపెడుతుంది. మధ్యలో చంద్రవంకలా గాలి కనపడితే అటెండెంట్లు "ఊపిరితిత్తికి చిల్లు పడిందట" అని ఏడుస్తారు కానీ, అది చాలాసార్లు కౌంట్లు కోలుకుని చచ్చిన భాగం విడిపోతోందనడానికి గుర్తు.

అందుకే అమెరికా ఇన్ఫెక్షన్ డాక్టర్ల సంఘం 2016 మార్గదర్శకాల్లో, పేషెంటు పరిస్థితి దిగజారితే తప్ప, మందు మొదలుపెట్టిన కనీసం రెండు వారాల తర్వాతే మళ్లీ సీటీ తీయమని రాశారు. నాకు మండేది ఇక్కడే. ఈమధ్య ఒక ఫైలు చూశాను, వేరే చోట నుంచి వచ్చింది, నాలుగేసి రోజులకో సీటీ, ప్రతి సీటీ తర్వాత ఒక మందు మార్పు, వోరికోనజోల్ నుంచి యాంఫోటెరిసిన్, దాని నుంచి క్యాస్పోఫంజిన్, మళ్లీ వోరికోనజోల్. ఏ మందుకీ తన పని చూపించుకునే టైమివ్వలేదు. బిల్లు సంగతి చెప్పనక్కర్లేదు, వాళ్లు పొలం కుదువ పెట్టి వచ్చారు.

మరి పెరగడం ఎప్పుడు చెడ్డ గుర్తు? రెండు వారాలు దాటాక కూడా పెరుగుతుంటే, ముందు లేని చోట కొత్త మచ్చలు వస్తుంటే, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెడితే, ఆక్సిజన్ అవసరం రోజురోజుకీ ఎక్కువవుతుంటే. ఒక జాగ్రత్త మాత్రం మొదటి వారంలోనూ తప్పదు: కౌంట్లు కోలుకునే రోజుల్లో దగ్గితే రక్తం పడొచ్చు, మచ్చ పెద్ద రక్తనాళానికి ఆనుకుని ఉంటే అది ప్రాణం మీదకి వస్తుంది. తెమడలో ఎర్రగా కాస్త కనపడినా "పొద్దున రౌండ్‌లో చెబుదాంలే" అనుకోవద్దు, వెంటనే సిస్టర్‌ని పిలవండి.

ఇక మా ల్యాబు నుంచి వెళ్లే నంబర్లు. గెలాక్టోమానన్ అని ఒక టెస్టు ఉంది, ఆస్పర్‌జిల్లస్ పెరుగుతున్నప్పుడు దాని గోడ నుంచి విడుదలయ్యే పదార్థాన్ని రక్తంలో కొలుస్తుంది. 0.5 దాటితే పాజిటివ్ కిందే చాలామంది లెక్క. మొదట్లో పాజిటివ్‌గా ఉన్న పేషెంటులో ఈ అంకె వారం వారం దిగుతూ ఉంటే మంచి కబురు, దిగకుండా అలాగే ఉన్నా, ఎక్కుతున్నా మనం కంగారు పడాల్సిందే. స్కాన్ ఇంకా మొండికేస్తున్న రోజుల్లో కూడా ఈ అంకె ముందే దిగి మనకి కాస్త ధైర్యమిస్తుంది.

కానీ దీనికి షరతులున్నాయి. మొదట్లో నెగెటివ్ వచ్చినవాళ్లలో దీంతో ఫాలో అయ్యేదేమీ ఉండదు, లేని అంకె దిగేదెక్కడికి? కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు, చాన్నాళ్లుగా స్టెరాయిడ్లు వాడేవాళ్లు, వీళ్లలో కౌంట్లు బాగానే ఉంటాయి కాబట్టి రక్తంలో ఇది చాలాసార్లు నెగెటివ్‌గానే వస్తుంది, బ్రాంకోస్కోపీ చేసి (ఊపిరితిత్తిలోకి సన్నటి గొట్టం పంపి) కడిగిన నీళ్లలో చూస్తేనే దొరుకుతుంది, ఆ బ్రాంకోస్కోపీ వారం వారం చేయలేం కదా. ఇంకోటి, ఒక వారం ఒక ల్యాబులో ఇంకో వారం ఇంకో ల్యాబులో చేయించి రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి 1.8 నుంచి 1.5కి దిగిందని సంబరపడితే అందులో అర్థం లేదు. ఒకే ల్యాబులో, అదే కిట్టుతో చేయించాలి. ఈ టెస్టుకి వేరే పేషెంట్ల శాంపిళ్లు కూడా పోగయ్యాక ఒక ప్లేటు నడపడం చాలా ల్యాబుల్లో మామూలు, అందుకే రిపోర్టు ఆలస్యమైతే మమ్మల్ని తిట్టుకోకండి (తిట్టుకుంటారని తెలుసు).

బీటా డీ గ్లూకాన్ ఇంకో టెస్టు. ఇది ఆస్పర్‌జిల్లస్‌కే కాదు, క్యాండిడా, న్యుమోసిస్టిస్ లాంటి వేరే ఫంగస్‌లకీ పెరుగుతుంది. ఎక్కువమంది వాడే కిట్టులో మిల్లీలీటరుకి 80 పికోగ్రాములు దాటితే పాజిటివ్. మందు పనిచేస్తోందా అనే ప్రశ్నకి మాత్రం నేను దీన్ని పెద్దగా నమ్మను. వాన వెలిసినా చూరు కారుతూనే ఉన్నట్టు, పేషెంటు లేచి కూర్చుని ఇడ్లీ తింటున్నా ఈ అంకె వారాల తరబడి పైనే ఉండిపోతుంది. పైగా ఆల్బుమిన్ ఎక్కించినా, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చినా, ఒక రకం ఫిల్టరుతో డయాలిసిస్ చేసినా, ఆపరేషన్‌లో గాజుగుడ్డ వాడినా ఊరికే పెరుగుతుంది. ఐసీయూలో ఉన్న మనిషికి వీటిలో ఏదో ఒకటి జరగకుండా ఉంటుందా?

ఇప్పుడు అసలు నేను గట్టిగా చెప్పాలనుకున్న విషయం. మందు పనిచేయట్లేదు అనగానే డాక్టర్లతో సహా అందరి నోటా వచ్చే మాట "రెసిస్టెన్స్", అంటే ఫంగస్ ఆ మందుకి లొంగట్లేదని. ఉండొచ్చు, కొన్ని ఆస్పర్‌జిల్లస్ రకాలకి కొన్ని మందులు నిజంగానే పనిచేయవు, అందుకే కల్చర్‌లో (శాంపిల్లోని ఫంగస్‌ని ల్యాబులో పెంచి చూసే టెస్టు) ఏ జాతో తేల్చాలని మేం పట్టుబడతాం. కానీ నేను చూసినంతలో చాలాసార్లు లోపం ఫంగస్ దగ్గర లేదు, రక్తంలో మందే చాలినంత లేదు. వోరికోనజోల్ విషయంలో ఇది మరీ ఎక్కువ. ఒకే బరువున్న ఇద్దరికి ఒకే డోసు ఇస్తే ఒకరి రక్తంలో నామమాత్రంగా ఉంటుంది, ఇంకొకరిలో విషమయ్యేంత ఉంటుంది. లివర్లో సీవైపీ2సీ19 అని ఒక ఎంజైము ఈ మందుని విరగ్గొడుతుంది, అది పుట్టుకతోనే కొందరిలో చురుగ్గా, కొందరిలో మందంగా ఉంటుంది, మన దేశంలో మందంగా ఉన్నవాళ్లు తక్కువేం కాదు. ఒంట్లో వాపు బాగా ఉన్న రోజుల్లో లెవెల్ ఒకలా ఉండి, అది తగ్గాక ఇంకోలా మారుతుంది కూడా.

అందుకని మొదలుపెట్టిన నాలుగైదు రోజులకి రక్తంలో మందు లెవెల్ చూడాలి. లీటరుకి 1 నుంచి 5.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటే మంచిది. ఒకటి కంటే తక్కువైతే మందు ఉన్నా లేనట్టే, ఐదున్నర దాటితే లేని మనుషులు కనపడటం, తికమక, లివర్ పరీక్షలు తేడా కొట్టడం. (మాత్ర వేసుకున్న అరగంటకి కళ్ల ముందు వెలుగు మారినట్టు, రంగులు తేడాగా ఉన్నట్టు కొందరికి అనిపిస్తుంది, కాసేపటికి సర్దుకుంటుంది, అది వేరే సంగతి, దానికి భయపడి మాత్ర మానేయకండి.)

ఈ టెస్టులో చిక్కంతా రక్తం తీసే టైములో ఉంది. తర్వాతి డోసుకి సరిగ్గా ముందు తీయాలి. వార్డులో ఏం జరుగుతుందో చెప్తా. పొద్దున ఆరింటికి సిస్టర్ అన్ని టెస్టులకీ కలిపి రక్తం తీసేస్తుంది, డోసు తొమ్మిదింటికి, అంటే ఇంకా మూడు గంటలుంది, అది ఫరవాలేదు. ఇంకో రోజు ఆ ట్యూబు మర్చిపోతారు, పదిన్నరకి గుర్తొస్తుంది, అప్పటికే సెలైన్ స్టాండుకి వోరికోనజోల్ సీసా వేలాడుతూ సగం అయిపోయి ఉంటుంది, అదే చేతి నుంచి, అదే లైను నుంచి తీసి పంపుతారు. మా దగ్గర అంకె పన్నెండో పదిహేనో వస్తుంది. ఆ అంకె చూసి డోసు సగానికి కోసేస్తే ఇక ఫంగస్‌కి పండగే. ట్యూబు మీద స్టిక్కర్‌లో పేరు, నంబరు ఉంటాయి కానీ "లాస్ట్ డోసు ఎన్నింటికి" అన్న గడి ఖాళీగా ఉంటుంది, నేను ఫోన్ చేసి అడిగితే డ్యూటీ మారిపోయి ఉంటుంది. ఇలాంటి చోట అటెండెంటు ఒక్క మాట అడిగితే చాలు: "సిస్టర్, ఈ రక్తం మందు ఎక్కించకముందు తీయాలంట కదా?" మొదట్లో విసుక్కుంటారేమో, అయినా అడగండి.

లెవెల్ తక్కువ రావడానికి ఇంట్లో జరిగే కారణాలు కూడా ఉన్నాయి. వోరికోనజోల్ మాత్ర అన్నంతో వేసుకోకూడదు, తినడానికి గంట ముందో, తిన్న గంట తర్వాతో వేసుకోవాలి. మనకేమో "ఖాళీ కడుపున మందులేంటమ్మా" అని రెండు ముద్దలు పెట్టిగానీ మాత్ర ఇవ్వరు. పోసకోనజోల్ అనే ఇంకో ఫంగస్ మందు సిరప్ దీనికి పూర్తిగా రివర్సు, అది నెయ్యి, కొవ్వు ఉన్న భోజనంతో అయితేనే ఒంటబడుతుంది (దాని మాత్రలతో ఈ గొడవ తక్కువ). రెండూ వాడినవాళ్ల ఇళ్లలో ఏది ఎప్పుడో కలిసిపోయి ఉంటుంది, డిశ్చార్జ్ సమ్మరీలో రెండింటికీ "రోజుకి రెండుసార్లు" అనో ఇంకోటో మాత్రమే రాసి ఊరుకుంటారు.

అంతకంటే పెద్దది టీబీ మందు. మన దగ్గర ఊపిరితిత్తిలో మచ్చ కనపడితే ముందు అనుమానం టీబీ మీదికే పోతుంది, అది తప్పని అనను, టీబీ అంత ఉంది కాబట్టే. కానీ అందులో ఉండే రిఫాంపిసిన్ వోరికోనజోల్‌ని రక్తంలో దాదాపు లేకుండా చేస్తుంది, ఈ రెండూ కలిపి వాడకూడదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరో, వేరే ఆసుపత్రిలోనో మొదలుపెట్టిన టీబీ కోర్సు సంగతి ఇక్కడి డాక్టరుకి చెప్పకుండా దాచేవాళ్లని చూశాను, తిడతారని భయం. ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్ కూడా లెవెల్ని కిందికి లాగుతుంది. కిడ్నీ మార్పిడి అయినవాళ్లలో కథ ఇంకో వైపు తిరుగుతుంది, వోరికోనజోల్ మొదలుపెట్టగానే టాక్రోలిమస్ (పెట్టిన కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే మందు) లెవెల్ పైకి ఎగబాకుతుంది, అందుకే దాని డోసు మూడో వంతుకి తగ్గించి మళ్లీ మళ్లీ కొలుస్తారు. ఫంగస్ మందు ఆపిన రోజున ఆ డోసు మళ్లీ పెంచాలన్నది కూడా గుర్తుండాలి, లేకపోతే పెట్టిన కిడ్నీకే ఎసరు. ఆకు పసర్లు, చూర్ణాలు వాడుతుంటే అదీ చెప్పేయండి. లివర్ ఎంజైములు పెరిగినప్పుడు తప్పు వోరికోనజోల్‌దా, ఆ చూర్ణానిదా తేల్చలేక మంచి మందుని ఆపేసిన సందర్భాలున్నాయి.

గెలాక్టోమానన్ దిగుతోంది, లెవెల్ బాగుంది, అయినా పేషెంటు దిగజారుతున్నాడు, స్కాన్‌లో కొత్త మచ్చలు. అప్పుడు మాకు కొట్టే అనుమానం రెండో శత్రువు ఉన్నాడని. బ్యాక్టీరియా కావచ్చు, మ్యూకర్ కావచ్చు. వోరికోనజోల్ మ్యూకర్‌ని ఏమీ చేయలేదు, మా రెండు రక్త పరీక్షలూ దాన్ని పట్టలేవు. మ్యూకర్ అంటే తెలుగువాళ్లకి కొత్తగా చెప్పాలా, 2021లో బ్లాక్ ఫంగస్ పేరుతో ఇంటింటికీ తెలిసింది. ఆ మే నెల 20న తెలంగాణలో దాన్ని తప్పనిసరిగా రిపోర్టు చేయాల్సిన జబ్బుగా ప్రకటించారు, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని నోడల్ సెంటర్ చేశారు, యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం జనం మెడికల్ షాపుల చుట్టూ ఎలా తిరిగారో మర్చిపోయే సంగతి కాదు. దానికి రక్తంలో చూసే అంకె ఏదీ లేదు కాబట్టి మందు పనిచేస్తోందా అనేది కళ్లతోనే చూడాలి: ముక్కులో ఎండోస్కోపు పెట్టి కొత్తగా నల్లబడిన చోటు ఉందా, ఎమ్మారైలో కంటి వెనక్కో మెదడు వైపుకో పాకిందా, తీసిన ముక్కలో ఇంకా ఫంగస్ ఉందా అని. యాంఫోటెరిసిన్ వాడినంతకాలం క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), పొటాషియం, మెగ్నీషియం వదలకుండా చూసుకోవాలి. పొటాషియం పడిపోయి గుండె లయ తప్పితే ఫంగస్‌ని గెలిచినా మనిషి దక్కడు.

క్యాండిడా రక్తంలోకి వెళ్తే లెక్క తేలిక, కనీసం చెప్పడానికి. రోజూనో, రోజు విడిచి రోజో బ్లడ్ కల్చర్ పంపుతూనే ఉండాలి, నెగెటివ్ అయ్యేదాకా. మందు పద్నాలుగు రోజులు అంటే మొదలుపెట్టిన రోజు నుంచి కాదు, మొదటి నెగెటివ్ కల్చర్ రోజు నుంచి. నాలుగైదు రోజులైనా కల్చర్ పాజిటివ్ వస్తూనే ఉంటే మందు మార్చే ముందు మెడ దగ్గర వేసిన సెంట్రల్ లైను ఇంకా అలాగే ఉందేమో చూడండి. కంటి డాక్టరుతో ఒకసారి కళ్లు కూడా చూపించాలి, రెటీనాలో చేరి కూర్చుంటే చికిత్స వారాల్లోకి పోతుంది.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో వచ్చే క్రిప్టోకాకస్ అనే ఫంగస్ తెచ్చే మెదడు పొరల వాపు గురించి ఒకటే మాట. రక్తంలో క్రిప్టోకాకల్ యాంటిజెన్ టెస్టు జబ్బు పట్టుకోవడానికి చాలా మంచిది, మందు పనిచేస్తోందో లేదో చూడటానికి మాత్రం పనికిరాదు, నెలల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది. ఇండియా ఇంక్ స్లైడులో (వెన్ను నీటికి సిరా కలిపి మైక్రోస్కోపులో చూసేది) చచ్చిన ఈస్టు కూడా బతికున్నట్టే గుండ్రంగా కనపడుతుంది. అక్కడ చూడాల్సింది తలనొప్పి, వెన్ను నుంచి నీరు తీసినప్పుడు దాని ప్రెషరు, ఆ నీటి కల్చర్. ప్రెషరు పెరిగితే మళ్లీ మళ్లీ నీరు తీయాల్సొస్తుంది. "వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయట" అని సంతకం పెట్టకుండా వెళ్లిపోయేవాళ్లుంటారు, కానీ ఆ నీరు తీయడమే వాళ్ల చూపునీ, ప్రాణాన్నీ కాపాడేది.

వీటన్నిటి వెనక ఇంకోటుంది, రిపోర్టుల్లో ఫంగస్ అనే హెడ్డింగ్ కింద అది కనపడదు. న్యూట్రోఫిల్స్ (ఫంగస్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు) ఎంతున్నాయి, స్టెరాయిడ్ డోసు ఎంతకి దిగింది, షుగరు అదుపులో ఉందా. ఎంత ఖరీదైన మందైనా ఫంగస్‌ని ఆపి ఉంచుతుంది, ఊడ్చేయాల్సింది ఒంట్లోని కణాలే. నల్లగొండ అబ్బాయికి నేను చూపించింది కూడా సీటీ కాదు, వాళ్ల నాన్న సీబీపీ, అంటే రక్తకణాల లెక్క. న్యూట్రోఫిల్స్ వంద నుంచి తొమ్మిది వందలకి వచ్చాయి, జ్వరం లేదు, వోరికోనజోల్ లెవెల్ 2.4, ఆక్సిజన్ తీసేశారు. "గడ్డ పెద్దగైనా మీ నాయనకి నయమవుతున్నట్టే ఉంది, ఇంకో వారం ఆగి స్కాన్ తీద్దాం" అన్నాను. అతను తలూపాడు గానీ నమ్మినట్టు లేడు, సాయంత్రం ఇంకో డాక్టర్ని కూడా అడిగాడని తెలిసింది, అడగడంలో తప్పేముంది.

జ్వరం ఒక్కదాన్నీ పట్టుకుని కూర్చోవద్దు. స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకి ఫంగస్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు, మందుల వల్లో, రక్తం ఎక్కించడం వల్లో ఊరికే రావొచ్చు కూడా. సీఆర్‌పీ (ఒంట్లో వాపుని చూపించే రక్త పరీక్ష) దేనికైనా పెరుగుతుంది.

మందు ఎప్పుడు ఆపుతారనేది అందరూ అడిగే చివరి ప్రశ్న. ఊపిరితిత్తుల ఆస్పర్‌జిల్లస్‌కి కనీసం ఆరు నుంచి పన్నెండు వారాలు, మచ్చ ఎంత తగ్గింది, ఒంట్లో ఇమ్యూనిటీ ఎంత తిరిగొచ్చింది అన్నదాన్ని బట్టి ఇంకా ఎక్కువ. తర్వాతి కీమో సైకిల్ ఉంటే, లేదా బోన్ మారో మార్పిడికి వెళ్తుంటే, తగ్గిపోయినా మందు కొనసాగిస్తారు, కౌంట్లు మళ్లీ పడినప్పుడు అది మళ్లీ లేవకుండా. నెలల తరబడి వోరికోనజోల్ వాడేవాళ్లు మన ఎండలో ఒళ్లు కప్పుకుని తిరగాలి, చర్మం మాడిపోతుంది. ఎముకల నొప్పులు మొదలైతే వయసు నొప్పులని వదిలేయకండి, ఆ మందులో ఉండే ఫ్లోరిన్ వల్ల కూడా వస్తాయి. మచ్చ పూర్తిగా మాయమవ్వాలన్న రూలేం లేదు, కొందరికి గాయం మానిన గుర్తులా చిన్న గీత మిగిలిపోతుంది.

ఇక స్కాన్ ఎక్కడ తీయించినా సీడీ అడిగి తీసుకోండి, ఊరు మారినా డాక్టరు మారినా అది మీ దగ్గరే ఉండాలి. పాత బొమ్మ పక్కన పెట్టుకుంటేగానీ రేడియాలజిస్టు పెరిగిందనీ తగ్గిందనీ చెప్పలేడు, "సైజు పెరిగింది" అన్న కాగితం ఒక్కటే తెస్తే మేం కూడా దాన్ని చదివి వినిపించడం తప్ప ఏం చేయలేం.